తమ్ముడు మోర్మన్ మిషనరీగా ఫిలిప్పీన్స్ వెళ్తున్నాడు. రెండేళ్ళు అక్కడ ఎలా గడుస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: తమ్ముడికి 20 ఏళ్ళు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడాది పూర్తయింది. ఏడాదిన్నర కిందట ఒక స్నేహితుడి వెంట వెళ్ళి మోర్మన్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు చదువు ఆపి, మిషనరీగా రెండేళ్ళు ఫిలిప్పీన్స్‌కి పోతానంటున్నాడు. మీ ఇంట్లో అందరూ లూథరన్ సంఘం వాళ్ళు. అమ్మ అన్నం మానేసి కూర్చుంది. వాడు అక్కడ రోజంతా ఏం చేస్తాడు, ఏం తింటాడు, ఫోన్ చేయనిస్తారా, కష్టమైతే ఏ ఆశ చూసుకుని ఉంటారు, మధ్యలో వచ్చేయాలనిపిస్తే రానిస్తారా అని అడిగారు.

నేను 2014 ఏప్రిల్ నుంచి 2016 ఏప్రిల్ దాకా అదే దేశంలో, దక్షిణాన ఉన్న మిండనావ్ దీవిలో మిషనరీగా పనిచేశాను. మాది గోదావరి జిల్లా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం ఇప్పటికీ అదే చర్చికి వెళ్తాను. కాబట్టి నేను పూర్తిగా బయటివాణ్ణి కాను, అది గుర్తుపెట్టుకునే చదవండి. అలాగని రెండేళ్ళూ పూలబాటలా నడిచాయని చెప్పడానికీ రాలేదు.

సిద్ధాంతం గురించి వాదించను. మోర్మన్ గ్రంథాన్ని బైబిల్‌తో సమానంగా లేఖనంగా చూస్తారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఉద్దేశంలో ఒక్కటే గానీ, ఉనికిలో పూర్తిగా వేర్వేరు అని నమ్ముతారు. అందుకే మీ పాస్టర్ గారు "అది వేరే బోధ" అని ఉంటారు. మా నాయనమ్మ బాప్టిస్టు. చనిపోయేదాకా ఆమె మాటా అదే. అయినా నేను బయలుదేరిన రోజు పొద్దున్నే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఇంకొకటి, "మోర్మన్" అనే మాట వాడొద్దని 2018 ఆగస్టులో వాళ్ళ అధ్యక్షుడే చెప్పాడు. పూర్తి పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మీ తమ్ముడి ముందు ఆ పేరు ఒక్కసారి వాడి చూడండి, సగం గొడవ తగ్గుతుంది. ఇక్కడ మాత్రం అందరికీ అర్థం కావాలి కాబట్టి పాత పేరే వాడుతున్నాను.

మనవాళ్ళలో ఇది మొన్న పుట్టిన వింత అని కూడా అనుకోకండి. పసిఫిక్ దీవి సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి, తమ బంధువుల్లోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం ఇప్పించారు. 2012 మేలో దేశంలో మొదటి 'స్టేక్' ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం. 2024 చివరికి ప్రపంచం మొత్తం మీద ఈ పనిలో 74 వేల మందికి పైగా మిషనరీలున్నారు. ఎక్కువమంది ఇరవై దాటీ దాటని పిల్లలే. మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు పద్దెనిమిది నెలలు. ఏ దేశం వెళ్ళాలో మనం కోరుకోం. అమెరికాలో చర్చి ప్రధాన కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీ నుంచి రాసి వస్తుంది. నా రోజుల్లో పెద్ద తెల్ల కవరులో వచ్చేది. మా ఇంట్లో పదిహేను మంది చుట్టూ కూర్చుంటే నేను చించాను. చదవగానే మా మామయ్య అడిగిన మొదటి ప్రశ్న: "అమెరికా కాదా?"

ఇక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. ఆరున్నరకి లేవాలి. ప్రార్థన, కాస్త వ్యాయామం, స్నానం, టిఫిన్. ఎనిమిది నుంచి చదువు: కాసేపు ఒక్కడివే, కాసేపు తోటి మిషనరీతో, కాసేపు భాష. పది, పదకొండు మధ్య బయటపడితే రాత్రి తొమ్మిదింటి దాకా వీధుల్లోనే. తిరిగొచ్చి రేపటి పని రాసుకుని పదిన్నరకి లైటు ఆర్పేయాలి. తర్వాత వేళల్లో కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ అస్థిపంజరం అదే. వారంలో ఒక రోజు, మాకు సోమవారం, 'పీ డే', అంటే ప్రిపరేషన్ డే. సెలవు అనుకోకండి. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి మెయిల్ రాయడం అన్నీ ఆ రోజే. సాయంత్రం ఆరింటికి మళ్ళీ టై కట్టాల్సిందే.

ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. 'కంపానియన్' అంటారు. బాత్‌రూమ్ తప్ప ఎక్కడికీ ఒంటరిగా పోకూడదు. ఆరు వారాలకోసారి బదిలీలు. నీ ఊరు మారొచ్చు, నీ కంపానియన్ మారొచ్చు, రెండూ మారొచ్చు. ఎవరితో పడ్డా సర్దుకోవాలి. ఒకడు గురక పెడతాడు, ఒకడు గిన్నెలు తోమడు, ఒకడు ప్రతి వాక్యానికీ దేవుడి పేరు జోడిస్తాడు. అమెరికా పిల్లలకి ఇదే అన్నిటికన్నా కష్టం. చిన్నప్పటి నుంచి సొంత గది ఉన్నవాళ్ళు కదా. రెండు గదుల ఇంట్లో ఏడుగురం పెరిగిన నాకు అది ఒక లెక్కే కాదు. నాకు ఎదురైన ఇబ్బంది వేరే.

నన్ను రెండేళ్ళపాటు ఎవరూ నా పేరుతో పిలవలేదు. నల్ల బ్యాడ్జి మీద 'ఎల్డర్' అని, అంటే మగ మిషనరీలని పిలిచే బిరుదు, పక్కన ఇంటిపేరు. అంతే. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే, స్కూలు రిజిస్టరులో ఒక అక్షరంగా పడి ఉంటుంది. అది ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోట రోజుకి యాభైసార్లు వినపడుతుంటే, రాత్రి పడుకునేటప్పుడు "నేనెవర్ని రా" అనిపించేది. నవ్వుతారేమో గానీ, మొదటి క్రిస్మస్‌కి ఫోన్‌లో అమ్మ "చిన్నోడా" అనగానే నాకు నోట మాట రాలేదు. తర్వాత ఏదో అడిగితే "ఓఓ" అన్నాను. అక్కడి జనం మాట్లాడే బిసాయా భాషలో అవును అని అర్థం. అమ్మ అటు తిరిగి నాన్నతో "వీడు తెలుగు మర్చిపోయాడండీ" అంటోంది.

భాష అంటే, మీ తమ్ముణ్ణి మొదట ట్రైనింగ్ సెంటరులో కొన్ని వారాలు ఉంచుతారు. నేను మనీలాలో ఉన్నాను. అక్కడ నేర్పేది ఒకటి, ఊళ్ళోకి దిగాక వినపడేది ఒకటి. ఇంగ్లీషుతో చాలామందితో నెట్టుకురావచ్చు గానీ, వంటగదిలో కూర్చుని మాట్లాడే మాటలు వాళ్ళ భాషలోనే జరుగుతాయి. మొదటి మూడు నెలలు నేను చిన్నపిల్లాడిలా నవ్వుతూ తలూపడమే. మనిషి తెలివితేటలన్నీ మాటల్లోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఇంటర్‌లో 960 మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, "మంచినీళ్ళు ఇస్తారా" అనడానికి చెమటలు పట్టేవి.

ఇంకో చిక్కు ఎవరూ ముందే చెప్పలేదు. ఫిలిప్పీన్స్‌లో మనవాళ్ళని 'బుంబాయ్' అంటారు. బైకు మీద వీధి వీధి తిరిగి వడ్డీకి అప్పులిచ్చే పంజాబీలు అక్కడ చాలాచోట్ల ఉంటారు. అయిదిస్తే ఆరు కట్టాలి, ఆ వ్యాపారం పేరే 'ఫైవ్‌సిక్స్'. దోమతెరలు, గొడుగులు కూడా వాయిదాల మీద అమ్ముతారు. అల్లరి చేసే పిల్లల్ని "బుంబాయ్ వచ్చి గోనెసంచిలో వేసుకుపోతాడు" అని బెదిరిస్తారు. ఇప్పుడు ఊహించుకోండి: తెల్ల చొక్కా, టై, చేతిలో బ్యాగు, నల్లటి నేను గేటు దగ్గర నిలబడి "అయ్యో" అంటున్నాను. అక్కడ తలుపు కొట్టకుండా అలా పిలవడమే మర్యాద. లోపల టీవీ మోత టక్కున ఆగిపోతుంది. ఒక పిల్లాడి గొంతు వినపడుతుంది: "వాలా దిరి సి మామా!" అమ్మ లేదు అని. ఆ వెనకే అమ్మ గొంతు, ఏం చెప్పాలో వాడికి నేర్పిస్తూ. మా ఊళ్ళో చీటీల వాడు వచ్చినప్పుడు నేనూ అదే చెప్పేవాణ్ణి కదా అని నవ్వొచ్చేది. ఒకావిడ అయితే నేను ఒక్క మాటా మాట్లాడకముందే నూరు పెసోలు చేతిలో పెట్టి, మిగతాది శనివారం ఇస్తానంది.

మీ తమ్ముడికి ఇది ముందే చెప్పండి. ముఖం మాడ్చుకోకుండా నవ్వేస్తే అదే మంచి పరిచయం అవుతుంది.

తిండికి బెంగ అక్కర్లేదు, మూడు పూటలా అన్నమే. కారం ఉండదు. పంది మాంసం ఎక్కువ. మీ ఇంట్లో తినకపోతే ముందే అలవాటు చేసుకోవడమో, మర్యాదగా వద్దనడం నేర్చుకోవడమో చేయాలి. ఎండు చేపని 'బులాద్' అంటారు, వేయిస్తుంటే వీధంతా మా అమ్మమ్మ ఊరి వాసనే. టీ, కాఫీ, మద్యం, సిగరెట్లు వీళ్ళ చర్చిలో నిషిద్ధం, ఆ నియమం 1833 నాటిది. మీ తమ్ముడు ఏడాదిన్నరగా టీ మానేసి ఉంటాడు, గమనించారో లేదో. నెల చివర్లో భత్యం డబ్బులు అయిపోతే సార్డీన్ డబ్బాలు, నూడుల్స్ ప్యాకెట్లు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళ కుటుంబాలు నెలకి 400 డాలర్లు కట్టేవి, 2020 జులై నుంచి 500 అయింది. మన దేశం వాళ్ళకి అంత ఉండదు. కుటుంబం ఇవ్వగలిగింది ఇస్తుంది, మిగతాది చర్చి నిధి భరిస్తుంది. మీరెంత ఇవ్వాలో వాళ్ళ బిషప్‌ని, అంటే స్థానిక సంఘం పెద్దని, అడిగి కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడకండి. అప్పు చేసి మాత్రం కట్టకండి.

అక్కడి జనం గురించి ఒక్క మాట. ఇంట్లో నలుగురికి చాలీచాలని అన్నం ఉన్నా, గుమ్మంలో కనపడితే "కావోన్ తా" అంటారు, తిందాం రండి అని. ఊరికే అనే మాట కాదు, కంచం కడిగి పెట్టేస్తారు. తినకపోతే చిన్నబుచ్చుకుంటారు, తింటే ఆ పూట వాళ్ళ చిన్నపిల్లకి తగ్గుతుంది. రెండు ముద్దలు ఎక్కువసేపు నమిలి తినడం నేర్చుకున్నాను. బోధించడానికి వెళ్ళినవాణ్ణి, సిగ్గుపడుతూ తిరిగొచ్చిన రోజులే ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. దీని కోసమే ఇంత పొడుగు రాస్తున్నాను.

నా మొదటి ఊరు మిండనావ్‌లోని దావావ్ ఓరియెంటల్ అనే ప్రావిన్సు తీరంలో. 2012 డిసెంబరు 4న ఆ తీరాన్ని ఒక పెద్ద తుపాను కొట్టింది. అక్కడివాళ్ళు దాన్ని పాబ్లో అంటారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. నేను వెళ్ళేసరికి ఏడాదిన్నర దాటింది, అయినా కొండల మీద కొబ్బరిచెట్లు తలల్లేకుండా స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. కొన్ని కుటుంబాలు ఇంకా టార్పాలిన్ల కిందే. వారంలో కొన్ని గంటలు సేవ చేయాలని మాకు నియమం, అందుకని కొబ్బరి దుంగలు మోసేవాళ్ళం, రేకులు ఎక్కించేవాళ్ళం. నాకు నచ్చిన పని అదొక్కటే. భాష అక్కర్లేదు, ఎవరూ లేరని పిల్లాడితో చెప్పించరు.

2014 అక్టోబరు 13, సోమవారం. పీ డే. ఇంటర్నెట్ సెంటరులో గంట సేపు మెయిల్ చూసుకోవడానికి కూర్చున్నాను. అప్పట్లో మాకు ఇద్దరికీ కలిపి ఒక్క కీప్యాడ్ ఫోన్, అదీ పని కోసమే. వార్తలు చూడకూడదు. నాన్న మెయిల్ నాలుగు లైన్లు: అందరం బాగున్నాం, నువ్వు ఆరోగ్యం చూసుకో, ప్రార్థన చేస్తున్నాం. అంతే. ఎప్పుడూ పేజీ రాసే మనిషి. లాగౌట్ అయిపోయాక పక్క సీటు కుర్రాడి స్క్రీన్ మీద విరిగిన చెట్లు, తిరగబడ్డ బస్సు కనపడ్డాయి. మా ఊరి పాబ్లో ఫొటోలనుకున్నాను. కింద విశాఖపట్నం అని ఉంది. హుద్‌హుద్ ముందు రోజు ఆదివారం కొట్టింది. మా అక్క కాపురం గాజువాకలో, ఆరు నెలల బాబుతో.

నియమం పక్కనపెట్టి, ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద అయిన మిషన్ ప్రెసిడెంటుకి ఫోన్ చేశాను. ఆయన వెంటనే ఇంటికి మాట్లాడమన్నాడు. ఇలాంటప్పుడు ఎవరూ అడ్డం చెప్పరు, అది మీరూ తెలుసుకోండి. నాన్న ఫోన్ ఎత్తి "అంతా బాగానే ఉన్నారు రా" అన్నాడు. అక్కతో మాట్లాడావా అన్నాను. మౌనం. శనివారం రాత్రి నుంచి ఆమె ఫోన్ కలవట్లేదు. నాకు టెన్షన్ ఎందుకని రాయలేదట. తర్వాత మూడు రోజులు నేను పాబ్లోలో ఇల్లు పోయిన ఒక ముసలాయన ఇంటికి రేకులు కడుతూనే ఉన్నాను. చేతులు పనిచేస్తున్నాయి, చెవిలో సముద్రం. నాలుగో రోజు కబురొచ్చింది: కిటికీలన్నీ పోయాయి, మనుషులు క్షేమం.

అక్క బాగుందన్న సంతోషంతో పాటు నాకు ఒకటి బుర్రలో నాటుకుపోయింది. ఇంటి నుంచి 'బాగున్నాం' అని వస్తే ఇకమీదట నమ్మలేను. ఆ తర్వాత లెక్క వేసుకుంటే, నేను రాసేదీ అదే మాట. డెంగీ వచ్చి ఆరు రోజులు పడుకున్న వారం కూడా "కాస్త నీరసం, బాగున్నాను" అనే రాశాను.

మిషనరీలందరూ అలాగే రాస్తారు. కారణం ఉంది. ప్రతి వారం లెక్క చెప్పాలి: ఎంతమందికి పాఠం చెప్పావు, ఎంతమంది ఆదివారం వచ్చారు, ఎంతమందికి బాప్తిస్మం తేదీ పెట్టావు. ఆదివారం రాత్రి ఫోన్‌లో అంకెలు చదవాలి. ఎల్ఐసీ ఏజెంటుగా పనిచేసిన మా బాబాయికి మార్చి నెలలో ఉండే ముఖమే మాకు ప్రతి ఆదివారం ఉండేది. సున్నా చెప్పాల్సి వచ్చినప్పుడు, తప్పు నీ విశ్వాసంలో ఉందేమో అని లోపల ఒక పురుగు. పైవాళ్ళు అలా అనాల్సిన పని కూడా లేదు, మనకి మనమే అనుకుంటాం. ఇక ఇంటికి ఏం రాస్తాం?

2015లో నన్ను దావావ్ నగరానికి మార్చారు. అక్కడ అమెరికాలోని ఇడాహో నుంచి వచ్చిన ఒకడు నా కంపానియన్. మంచి పిల్లాడు. ఊరికి కొత్త, బాత్‌రూములో మగ్గుతో స్నానం చేయడం కూడా నేనే నేర్పాను. వాళ్ళ తాత, నాన్న, ఇద్దరన్నలు అందరూ మిషన్ పూర్తిచేసినవాళ్ళే. అయిదో వారం నుంచి రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు. పొద్దున్నే టై కట్టుకుంటూ చేతులు వణికేవి. గేటు దగ్గర "నువ్వు మాట్లాడు" అనేవాడు. సోమవారం మెయిల్లో మాత్రం అంతా అద్భుతం, ప్రజలు అద్భుతం, మామిడిపళ్ళు అద్భుతం. నాకు తెలుసు, పక్కనే కూర్చుని చూశాను. ఒక రాత్రి అడిగాను, ఇంటికి ఎందుకు రాయవని. వాళ్ళ ఊళ్ళో రెండేళ్ళు పూర్తిచేసి వచ్చినవాళ్ళకి విమానాశ్రయంలో బ్యానర్లు పట్టుకుని ఊరంతా వస్తుందట. మధ్యలో వచ్చినవాడి ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు జనం గొంతు తగ్గించి మాట్లాడతారట. అదొక్కటే వాడి భయం. జబ్బు గురించి కూడా కాదు.

మా చిన్న గుంపుకి పెద్దగా ఉండే మిషనరీకి, అంటే డిస్ట్రిక్ట్ లీడరుకి, చెప్పాల్సిన విషయాన్ని నేను నెల రోజులు ఆలస్యం చేశాను. స్నేహితుణ్ణి పట్టించినట్టు అవుతుందని. అది నా తప్పు. చివరికి చెప్పాను. డాక్టరు చూశాడు, కౌన్సెలర్‌తో మాట్లాడించారు, ఎనిమిదో నెలలో ఇంటికి పంపారు. వెళ్ళేముందు వాడి మంచి బూట్లు నాకిచ్చేశాడు. ఏడాది తర్వాత రాశాడు, వాళ్ళ నాన్న ఒక్కడే వచ్చి, ఏమీ మాట్లాడకుండా సూట్‌కేసు అందుకుని, దారిలో హాంబర్గర్ కొనిపెట్టాడట. ఆ రోజు అంతకన్నా ఏం చేసినా తట్టుకునేవాణ్ణి కాదన్నాడు.

మీ చివరి ప్రశ్నకి జవాబు: మధ్యలో రావచ్చు. ఎవరూ కట్టేసి ఉంచరు. మిషన్ ప్రెసిడెంటుతో మాట్లాడతారు, ఉండమని నచ్చజెప్తారు, అయినా వెళ్తానంటే పంపాల్సిందే. వాడికి అడ్డం నిలబడేది చర్చి కన్నా ఇల్లు. మీ ఇంటి పరిస్థితి ఇంకా ఇబ్బంది. మీరంతా వద్దంటుంటే గొడవపడి వెళ్తున్నాడు. రేపు కష్టం వస్తే "మేం ముందే చెప్పలేదా" అనే మాట వినాల్సి వస్తుందని, వాడు ఏమైపోయినా నోరు విప్పడు. అందుకని అమ్మతో మాట్లాడి, వాడు విమానం ఎక్కేలోపు ఇంట్లో ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పండి: ఏ రోజు వచ్చినా, ఏ కారణం లేకుండా వచ్చినా, ఒక్క ప్రశ్న అడగం అని. నా అనుభవంలో అలా చెప్పించుకుని వెళ్ళినవాళ్ళే ఎక్కువ నిలబడ్డారు. నిలబడకపోయినా పర్లేదు.

ఫోన్ సంగతి మా కాలం కన్నా నయం. మాకు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి పీ డే నాడు ఇంటికి ఫోన్, వీడియో కాల్ చేసుకోవచ్చు. చాలామందికి స్మార్ట్‌ఫోన్లే ఇస్తున్నారు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. వాళ్ళ పీ డే పొద్దున మనకి తెల్లవారుజాము, అమ్మని సోమవారాలు పెందలాడే లేవమనండి. ఫోన్‌లో ఏడవొద్దని అమ్మకి చెప్పకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అబద్ధం మాత్రం వద్దు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని, చిన్నాన్నతో మాటల్లేవని, కుక్క కరిచిందని, జరిగింది జరిగినట్టు చెప్పండి. హుద్‌హుద్ తర్వాత మా అక్క నాకు అలాగే రాయడం మొదలుపెట్టింది. బావకి జీతం రెండు నెలలు ఆగిందని రాసింది, కిటికీలకి అట్టముక్కలు పెట్టుకున్నామని రాసింది. అవి చదివాకే నేను కూడా ఆమెకి నిజం రాయగలిగాను. ఈ వారం ఒక్కరూ రాలేదక్కా, నాకు దేవుడి మీద కోపంగా ఉంది అని.

ఆశల గురించి కూడా అడిగారు కదా, ఇంత కష్టమైతే ఏం చూసుకుని ఉంటారు అని. వెళ్ళేటప్పుడు నా ఆశ పెద్దది. వందమందిని మారుస్తానని. రెండేళ్ళలో నేను దగ్గరుండి నేర్పి బాప్తిస్మం దాకా వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఇప్పటికీ చర్చికి వెళ్తున్నది నాకు తెలిసి ముగ్గురు. అక్కడి ఆటో లాంటి ట్రైసికిల్ నడిపే ఒకడు ఉండేవాడు, 'తుబా' అంటే కొబ్బరికల్లు, రోజూ తాగేవాడు. ఆరు వారాలు పట్టుపట్టి మానేశాడు. నీళ్ళలోంచి లేచినప్పుడు నాకన్నా వాడే గట్టిగా ఏడ్చాడు. నేను ఆ ఊరు వదిలిన రెండు నెలలకి మళ్ళీ మొదలుపెట్టాడని తెలిసింది. చాలా రోజులు అది నా ఓటమిగా మోశాను. వాడి భార్య ఇప్పటికీ క్రిస్మస్‌కి మెసేజ్ పెడుతుంది. వాడు తాగినా ఇప్పుడు చేయి చేసుకోవట్లేదని ఒకసారి రాసింది. అది ఏ లెక్కలో రాయాలో మాకు ఇచ్చిన పట్టికలో గడి లేదు.

ఆ తర్వాత నా ఆశలు చిన్నవైపోయాయి. ఇవాళ ఒక ముసలావిడ జోకు నాకు అర్థం కావాలి. ఆదివారం ఆ వెనక బెంచీ ఖాళీగా ఉండకూడదు. వాన తగ్గాలి. దావావ్‌లో అప్పటి మేయరు డుటెర్టే. బహిరంగంగా సిగరెట్ కాల్చడం ఆ ఊళ్ళో నిషేధం, మా పని సగం మేయరే చేశాడని నవ్వుకునేవాళ్ళం. అదే ఊళ్ళో ఒక సాయంత్రం జీప్నీ అనే షేర్ బండి కోసం నిలబడితే వెనక నుంచి "ఒరేయ్ మామా, చిల్లరుందా" అని వినపడింది. పదహారు నెలల తర్వాత ముఖాముఖీ తెలుగు. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు చాలామందే ఉంటారు. నన్ను చూసి ముందు పాస్టరనుకున్నారు, తర్వాత సేల్స్ అనుకున్నారు. పది నిమిషాలు మాట్లాడాను, మతం గురించి ఒక్క మాట లేదు. ఒకడు పరుగెత్తుకెళ్ళి గదిలోంచి సగం ఖాళీ అయిన ఆవకాయ సీసా తెచ్చిచ్చాడు. మీ తమ్ముణ్ణి ఆ వైపు వేస్తే వీళ్ళు ఎదురుపడతారు. ధైర్యంగా ఉండండి.

కొన్ని పనికొచ్చే ముక్కలు. కాలేజీలో ఊరికే మానేయకుండా, ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోమనండి. తిరిగొచ్చాక రీఅడ్మిషన్‌కి ఆ కాగితమే దిక్కు. రెండేళ్ళలో రెగ్యులేషన్, అంటే సిలబస్ నియమాలు, మారితే కొన్ని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి వస్తుంది, నాకు రెండు పడ్డాయి. ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడుగుతారు. నిజం చెప్పాను, ఒకచోట తీసుకోలేదు, ఇంకోచోట "రోజుకి ముప్పై ఇళ్ళు తిరిగేవాడివా" అని అడిగి అక్కడే తీసుకున్నారు. పాస్‌పోర్టు వీసా పనుల కోసం మిషన్ ఆఫీసులో ఉండొచ్చు, స్కాన్ కాపీ మీ దగ్గర పెట్టుకోండి. మిషన్ ఆఫీసు నంబరు అమ్మ ఫోన్‌లో సేవ్ చేయండి. టీకాలు ముందే పూర్తిచేయించండి. వీధికుక్కలు ఎక్కువ, కరిస్తే అదే రోజు ఇంజెక్షన్ అని గట్టిగా చెప్పండి.

బూట్లు రెండు జతలు కొనివ్వండి, అర అంగుళం వదులుగా, వానకి తట్టుకునేవి. సూటు గురించి వాళ్ళు జాబితా పంపిస్తారు, అది మొదటి వారం, చివరి వారం తప్ప వేసుకోడు. ఆవకాయ సీల్ వేయించి పంపండి. ఇంకా, మీ ఇద్దరికే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి. పక్కన కంపానియన్ కూర్చుని ఉంటాడు కాబట్టి అన్నీ విడమరిచి చెప్పలేడు. మా అక్కా నేనూ పెట్టుకున్నది "గోంగూర ఎలా ఉంది?" అని. అది అడిగితే బాగోలేనని లెక్క. నేను నాలుగుసార్లు అడిగాను. మూడుసార్లు ఆమె వెంటనే మిషన్ ఆఫీసుకి ఫోన్ చేసి నాతో మాట్లాడించమంది. నాలుగోసారి నిజంగానే గోంగూర తినాలనిపించి అడిగాను, అప్పుడూ చేసింది.